మైలలో మీడియం మార్చిన అనంతమ్మ

మా పెదనాన్న కూతురు అనంతమ్మకు నోరెక్కువని ఇల్లందులో అందరూ అంటారు. నిజమే. దేవుడు నోరిచ్చింది మూసుకోవడానికా?

1996లో ఆమె ఖమ్మంలో ఒక చిన్న మందుల పరిశోధనశాలలో పనిచేసేది. మెదడులో ఒక నరకణం పంపే రసాయన కబురును ఇంకో కణం అందుకోవాలంటే దాని మీద గ్రాహకం ఉండాలి. ఆ గ్రాహకాన్ని తయారుచేసే మనిషి జన్యువును అనంతమ్మ సీసాలో పెంచే కణాలకు ఎక్కించేది. అవి గ్రాహకాన్ని తమ పొర మీద మోస్తే, కొత్త మందు దానికి అతుక్కుంటుందో లేదో మనుషులతో మింగించకముందే తెలుస్తుంది. చాలా కణాలు ఎక్కించిన జన్యువును వదిలేసుకునేవి. నెలల తరబడి తంటాలు పడితే ఒక్క సీసాలోనివి నిలబడ్డాయి. వాటిని గడ్డకట్టించి దాచడానికి పశువుల దవాఖానాలో ఎద్దుల వీర్యం దాచడానికి వాడే ద్రవ నత్రజని రావాలి. అది రాకముందే పెదనాన్న మొండయ్య పోయాడు.

దహనమైన మర్నాడే అనంతమ్మ ఖమ్మం పోవడానికి చెప్పులు వేసుకుంది. మీడియం, అంటే కణాల తిండి, మార్చకపోతే అవి చస్తాయి. అక్కడ ఆ పని వచ్చింది ఆమె ఒక్కదానికే.

మా నాయన సారంగపాణి అడ్డం వచ్చాడు.

"ఇల్లంతా మైల. గిప్పుడు గడప దాటినవంటే దశదినానికి ఈ ఇంట్ల అడుగు పెట్టకు."

అనంతమ్మ ఏడుస్తూనే కసిరింది. "సమ్మెల మా నాయినను పంపు కాడికి తోలింది నువ్వే గద చిన్నాయినా! పంపు ఆపితే బాయి మునుగుతదంటివి. ఆయన ఆపలే. నేనెట్ల ఆపుత?"

బొగ్గుబాయిల్లో అది ఆనవాయితీ. ఎంత పెద్ద సమ్మె జరిగినా నీళ్లు తోడే పంపు మనిషి లోపలికి దిగాల్సిందే. యూనియనే దగ్గరుండి పంపిస్తుంది. పెదనాన్నది ఆ పంపు పని. మా నాయన యూనియన్ మనిషి. అయినా ఆయన పంతం వదల్లేదు. కన్నతండ్రే అయినా నాకు ఒళ్లు మండింది.

ఆమె బస్సెక్కి పోయింది. కణాలకు మీడియం మార్చింది. నత్రజని వచ్చాక వాటిని గడ్డకట్టించి దాచింది.

దశదినం నాడు చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పిట్టకు, అంటే కాకికి, పెడతాం. అనంతమ్మ చేపల పులుసు వండుకుని గిన్నెతో వచ్చింది. మా నాయన మళ్లీ గడపకు అడ్డం నిలబడ్డాడు.

"ఏంది, నీ సీసాలయి బతికినయా మరి?" అన్నాడు ఎగతాళిగా.

"అవ్, బతికినయ్," అంది అనంతమ్మ. "జర జరుగు చిన్నాయినా. మా నాయినకు అన్నం పెట్టాలె."