కిటికీ అమ్మమ్మ

టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన ఆ పిన్నికి మనుషులంటే ఏమంత గౌరవం లేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊరందరి మాటలూ చెవిన పడుతూనే ఉండేవి, ఇంకేం గౌరవం మిగులుతుంది? పెళ్ళి కూడా చేసుకోలేదు. "పగలంతా వినడమే పనైనప్పుడు, ఇంటికొచ్చి మళ్ళీ ఇంకొకడిది వినాలా?" అనేది. చుట్టాలంతా ఆవిడని ఎక్స్‌ఛేంజి పిన్ని అంటారు, ఎదురుగానే అంటారు. పక్కనే కూర్చున్నవాళ్ళతో కూడా ట్రంకాల్ మాట్లాడుతున్నట్టే అరుస్తుంది.

అంతటి పిన్నిని నోరెత్తనివ్వని మనిషి లోకంలో ఒక్కతే, ఆవిడ అక్క. చీర కట్టు బాగోలేదని, టీ నీళ్ళలా ఉందని, చెప్పులు ఈడుస్తూ నడుస్తుందని అక్క తిడుతూనే ఉండేది. పిన్నికి జుట్టు నెరిసింది, పళ్ళు కదిలాయి, తిట్లు మాత్రం ఆగలేదు. ఆ అక్క ఈమధ్య స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక కొడుకు తీసుకెళ్ళి పెద్దవాళ్ళని చూసుకునే నర్సింగ్ హోమ్‌లో చేర్చాడు. కొన్నాళ్ళకే అన్నాడు. ఇప్పుడు ఆ హోమ్ వాళ్ళు, ఉంచేస్తారా తీసుకుపోతారా, ఏదో ఒకటి తేల్చమన్నారు. వాడు వెంటనే పిన్నికి ఫోన్ చేశాడు.

"పిన్నీ, నువ్వొకసారి వెళ్ళి చూసిరా. నువ్వు బాగుందంటే అమ్మని అక్కడే ఉంచేస్తా. నీకు నచ్చిందంటే ఇక ఎవరికైనా నచ్చినట్టే."

"నచ్చకపోతే?"

వాడు గొంతు సవరించుకున్నాడు. "నచ్చకపోతే... నీ ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది కదా పిన్నీ."

వెధవ, అన్నీ ఆలోచించుకునే ఫోన్ చేశాడు. పిన్ని మాత్రం తక్కువదా? ఆ చోటు బాగుండాలని దేవుళ్ళందరికీ మొక్కుకుంటూనే బయల్దేరింది. రోజంతా అక్క తిట్లు తింటూ ఒకే ఇంట్లో ఉండటమంటే మాటలా!

గుమ్మంలోనే గాజు తొట్టెలో రంగురంగుల చేపలు. గోడ మీద ఐదు నక్షత్రాల సర్టిఫికెట్. నేల మీద మొహం చూసుకోవచ్చు. మేనేజరమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. ఆ నవ్వు మళ్ళీ దిగలేదు.

"మొన్ననే తనిఖీ వాళ్ళు వచ్చారు మేడమ్. నాణ్యతలో మాకు ఫుల్ మార్కులు."

"ఏం చూశారు?"

"అన్నీ మేడమ్! బాత్రూములు, వంటగది, మంటలార్పే సిలిండర్లు..."

"ముసలివాళ్ళని?"

"వాళ్ళని డిస్టర్బ్ చెయ్యకూడదు కదా మేడమ్."

మనిషి మొహం చూడకుండా మనిషిని ఎలా చూసుకుంటున్నారో తేల్చేసిన ఆ మహానుభావులకి పిన్ని మనసులోనే ఓ దణ్ణం పెట్టింది.

"మీ అమ్మమ్మ అయితే బంగారం మేడమ్," అంది మేనేజరమ్మ. "అస్సలు నోరెత్తరు."

"మా అమ్మమ్మ పోయి ఎన్నేళ్ళయిందో! నేనడిగేది మా అక్క సంగతి."

"ఆవిడే మేడమ్. మేం అందరినీ అమ్మమ్మా అనే పిలుస్తాం. సొంత ఇంట్లో ఉన్నట్టుంటుందని."

గదిలో రెండు మంచాలు. కిటికీ పక్క మంచం మీద అక్క దిండ్లకి ఆనుకుని కూర్చుంది. తలుపు పక్క మంచం మీద ఇంకో పెద్దావిడ మంచం కమ్మీ పట్టుకుని ఊపేస్తోంది. "తలుపు తియ్యండే! పిల్లాడు బడి నుంచి వచ్చే వేళయింది, తలుపు తియ్యండే!" అని ఒకటే కేకలు. "ఈమధ్యే మొదలెట్టింది మేడమ్, అస్సలు కునుకు తియ్యదు," అని ఆయా విసుక్కుంది.

పిన్ని కుర్చీ లాక్కుని కబుర్లు మొదలెట్టింది. అక్క అడ్డు రాలేదు. పిన్నికి హుషారొచ్చింది. చిన్నప్పుడు తన పట్టీలు పోగొట్టింది అక్కేనంది. అక్క "ఊఁ" అంది. తను పెట్టే టీకి వంక పెట్టిన మొనగాడు లేడంది. "ఊఁ." పుట్టి బుద్ధెరిగాక అక్క ముందు అంతసేపు మాట్లాడటం ఇదే మొదటిసారి. నిజం చెప్పాలంటే మహా హాయిగా ఉంది. బాగుందని చెప్పేద్దాం, అక్కకీ ఇక్కడ బాగానే ఉంది అనుకుంది. లేచి వెళ్ళబోతూ, ఊరికే ఉడికిద్దామని, "నీకన్నా నీ కోడలే బాగా వండుతుందే అక్కా," అంది.

"ఊఁ," అంది అక్క.

పిన్ని ఆగిపోయింది. ఈ ముక్క వినీ ఒంటికాలి మీద లేవలేదంటే, మంచం మీద ఉన్నది అక్క కాదు. గడ్డం పట్టుకుని మొహం ఎత్తి చూసింది. కళ్ళు సగమే తెరుచుకుని ఉన్నాయి.

"ఏం మందులేస్తున్నారే ఈవిడకి?" అని ఆయా మీద అరిచింది.

"నర్సమ్మ ఇచ్చినవే మేడమ్. పొద్దునొకటి, రాత్రొకటి. కిటికీ అమ్మమ్మకి నిద్రమాత్ర."

"కిటికీ అమ్మమ్మేమిటి?"

"అందరూ అమ్మమ్మలే కదా, ఎలా తెలుస్తుంది మరి? కిటికీ పక్కనుంటే కిటికీ అమ్మమ్మ, తలుపు పక్కనుంటే తలుపు అమ్మమ్మ."

"మా అక్క వచ్చినప్పటినుంచీ కిటికీ పక్కనేనా?"

ఆయా నవ్వింది. "ఎక్కడ మేడమ్! ముందు తలుపు దగ్గరే. గాలి రావట్లేదని రోజూ పోట్లాట. ఆ నోటికి దడిసి ఇద్దరి మంచాలూ మార్చేశాం. మార్చాక చూడండి, ఎంత నెమ్మదించిందో..." అంటూనే తలుపు పక్కావిడ వైపు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మంచాలు మారాయి, మాత్ర మాత్రం కిటికీ దగ్గరే ఉండిపోయింది. తలుపు పక్కావిడకి రాసిన నిద్రమాత్ర అక్క మింగుతోంది. మాత్ర అందాల్సినావిడ కేకలు పెడుతోంది. అమ్మమ్మా అమ్మమ్మా అని గారాలు పోవడమే గానీ, ఏ అమ్మమ్మ ఎవరో చూసిన దిక్కు లేదు.

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ అరుపులకి మేనేజరమ్మ పరిగెత్తుకొచ్చింది.

"చిన్న పొరపాటు మేడమ్, ఇప్పుడే సరిచేయిస్తాం. అయినా దానివల్ల అమ్మమ్మ ప్రశాంతంగానే ఉన్నారు కదా. ఇన్నాళ్ళలో ఒక్క కంప్లైంటు లేదు."

"కంప్లైంటు చేసే నోటిని నిద్రపుచ్చి, కంప్లైంటు లేదంటావా! సిగ్గుండాలి! ఆ చేపల్నీ అలాగే చూసుకుంటున్నావా, వాటికి కాస్త తిండైనా వేస్తున్నావా?" అని పిన్ని ఊరంతా వినపడేలా కడిగేసింది. వాళ్ళ డాక్టరుని పట్టుకుని ఆ మాత్ర ఆపించింది. అక్క కొడుక్కి ఫోన్ చేసి, "ఒరేయ్, కారు తీసుకురా. నా గది ఖాళీగానే ఉంది," అంది.

అక్క పిన్ని ఇంటికొచ్చాక కూడా మత్తు తొందరగా వదల్లేదు. డాక్టరు భయం లేదన్నాడు, పిన్నికి మాత్రం అన్నం సయించలేదు. ఈ మనిషి మళ్ళీ మనిషవుతుందా అని మంచం పక్కనే కూర్చునేది. చివరికి ఒక సాయంత్రం అక్క గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"టీ అంటారా దీన్ని?"

పిన్ని గ్లాసు లాక్కుని భోరుమంది. ఆ ఏడుపు చూసి, "ఏం పోయిందని?" అని అక్క ఇంకో రెండు అంటించింది. పిన్ని ముక్కు తుడుచుకుని జరిగిందంతా ఏకరువు పెట్టింది. ఎవరిని ఏమని కడిగేసిందో నటించి మరీ చూపించింది. అక్క అంతా వింది.

"మరి ఆవిడో?"

"ఎవరూ?"

"నా పక్క మంచమావిడ. మత్తులో ఉన్నా నాకు వినపడుతూనే ఉండేది, తలుపు తియ్యమని ఏడుపు. ఊరుకోమ్మా అందామంటే నాకు నోరు పెగిలేది కాదు. ఆవిడ కోసం ఎవరూ రారు. అంత అరిచావు కదా, ఆవిడ గురించి ఒక్క ముక్కన్నా అన్నావా?"

పిన్నికి అప్పుడు గుర్తొచ్చింది. కారు ఎక్కించే హడావిడిలో ఆ మంచం వైపు తిరిగి కూడా చూడలేదు.

"అనలేదక్కా."

"మరి నువ్వెళ్ళి ఏం చూసొచ్చినట్టే?" అంది అక్క.