నాయన నాలుక మీద ప్రయోగం

కర్నూల్లో డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెబుతానని తెలియగానే కొత్తవాళ్ళలో కొందరు కాస్త పక్కకు జరిగి కూర్చుంటారు. మిగిలినవాళ్ళు "అయితే నా మనసులో ఏముందో చెప్పు సార్" అంటారు. సాయంత్రం పూట కల్లూరు షేర్ ఆటోలో ఇరుక్కున్న మనిషి మనసులో ఏముందో చెప్పడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. దిగాలని ఉంటుంది.

మా సబ్జెక్టు అంత మాయలమారిది కాదు. మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటను గుడ్డిగా నమ్మకుండా, అలాగని కొట్టిపారేయకుండా, ఎలా పరీక్షించాలో నేర్పుతుంది. ఈ సంగతి క్లాసులో చెబితే వెనక బెంచీలు కూడా తలూపుతాయి. ఇంట్లో చెప్పే ధైర్యం మాత్రం నాకు చాలాకాలం రాలేదు.

అది అమ్మకు కుడి భుజం పట్టేసిన ఏడాది వచ్చింది. చెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. జడ నేనే వేసేవాణ్ణి. నేను వేసింది జడేనని ఆమె మర్యాద కొద్దీ ఒప్పుకునేది. డాక్టరు కొన్ని వ్యాయామాలు చెప్పి, రొట్టెలు తట్టడం మానకపోతే ఆ చెయ్యి అలాగే ఉండిపోతుందన్నాడు. పొద్దుగూకితే మా ఇంట్లో జొన్నరొట్టే. నాయనకు అమ్మ చేతి రొట్టె తప్ప ఇంకొకటి దిగదు. నా భార్య ఉద్యోగం కడపలో, ఆదివారాలే ఇక్కడ. ఆమె చేసిన జొన్నరొట్టె తిని నాయన "చపాతీ బాగుండాది" అని మెచ్చుకున్నాడు. నా రొట్టె గురించి ఎవరూ ఏమీ అనలేదు.

మా వీధి మలుపులో ఒకామె కట్టెల పొయ్యి మీద రొట్టెలు చేసి అమ్ముతుంది. అవి తెస్తానన్నాను.

"బయట రొట్టె నాకొద్దప్పా. నోట్లో పెట్టుకుంటానే తెలిసిపోతాది" అన్నాడు నాయన.

"ఆయప్పకు తెలిసిపోతాదిలేరా. రెండు రొట్టెలకేమి, నేనే చేస్తా" అంది అమ్మ. ఆ మాటలో నొప్పితో పాటు కాస్త గర్వం కూడా ఉంది. మర్నాడు పొద్దున జడ వేసేటప్పుడు ఎత్తబోయిన ఆమె చెయ్యి ఇంకాస్త కిందే ఆగిపోయింది.

తెలిసిపోతుందా, లేదా? ఇది పరీక్షించదగిన వాక్యం. తెలియదని తేలితే అమ్మ చెయ్యి బతుకుతుంది. పరిశోధనకు ముందు పాల్గొనేవారి అంగీకారం తీసుకోవాలి. నాయన అంగీకారం ఇలా ఉంది: "నన్ను ఎర్రోణ్ణి చేయాలని చూస్తాండావు. చెయ్యి, చూద్దాం."

పిండిలో తేడా ఉండకూడదని మా పిండే మలుపులో ఆమెకు ఇచ్చాను.

"ఏమప్పా, మా పిండి చేదా?" అందామె.

"కాదక్కా, ప్రయోగం."

"ఎవరికి బాగాలేదు?" అని గొంతు తగ్గించి అడిగింది.

ఆకారం చూసి గుర్తుపట్టకుండా రొట్టెలను ముక్కలు చేశాను. ఏది ముందు పెట్టాలో రూపాయి బిళ్ళ ఎగరేసి నిర్ణయించాను. రుచి మారుతుందని, నంజుకునే చెనక్కాయల పొడి కూడా పెట్టలేదు. దాని మీద నాయన తీవ్రంగా అభ్యంతరం చెప్పాడు, కానీ సైన్సు కోసం భరించాడు. మొదటి సాయంత్రం అన్నీ సరిగ్గా చెప్పాడు. "ఇది మీ అమ్మది. ఇది కాదు. ఇదీ కాదు. ఇది మీ అమ్మది."

"నీ పరీక్షలో మీ నాయన పాసైతే నా చెయ్యి ఫెయిలే గదరా" అంది అమ్మ. అయినా ముఖం వెలిగిపోతోంది.

రెండో సాయంత్రం కూడా అంతే. అయితే ఆ రోజు నేను నాయనను కాకుండా అమ్మను చూశాను. మా ఇంట్లో ఒక అలవాటుంది. వండినవాళ్ళు తినేవాళ్ళ ఎదురుగా కూర్చుని, మొదటి ముద్ద మింగేదాకా వాళ్ళ ముఖమే చూస్తారు. ముక్కలైనా అమ్మ తన రొట్టెను గుర్తుపట్టగలదు. తన ముక్క నాయన నోటి దగ్గరికి పోతుంటే ముందుకు వంగేది. మలుపులో ఆమె ముక్కయితే టీవీ వైపు తిరిగేది.

చిన్నప్పుడు గంగిరెద్దుకు తెలుగు వచ్చని నమ్మేవాణ్ణి. దానికి నిజంగా వచ్చింది దాన్ని ఆడించేవాడి చేతి కదలిక. నాయనను గంగిరెద్దుతో పోల్చడం నా ఉద్దేశం కాదు. పోలిక దానంతటది వచ్చింది.

మూడో సాయంత్రం పద్ధతి మార్చాను. ఏ గిన్నెలో ఎవరి రొట్టె ఉందో నాకూ తెలియకుండా అమ్మ వంటింట్లోనే సర్ది, ఎండబెట్టిన మిరపకాయలు చూసొస్తానని మిద్దె ఎక్కింది.

నాయన మొదటి గిన్నెలోది నమిలాడు. "ఇది మలుపులో ఆమెది." రెండో గిన్నెలోది నమిలాడు. చాలాసేపు నమిలాడు. "ఇది కూడా ఆమెదే."

"ఒకటి అమ్మది నాయనా."

"కాదు." పళ్ళెం పక్కకు జరిపాడు. గుమ్మం వైపు చూశాడు. "మీ అమ్మ యాడికి పోయింది?"

నేను రాసుకోవడం ఆపేశాను. నాలుకను కొలుస్తున్నాననుకున్నాను. ఇన్నాళ్ళూ నాలుకతో పాటు ఇంకొకటి కూడా కొలతలోకి వస్తోంది. దాన్ని వేరు చేయాలని నాకు తట్టలేదు. క్లాసులో ఇలాంటి తప్పుకు పిల్లలకు మార్కులు కోస్తాను.

మరుసటి రోజు రొట్టెలన్నీ మలుపులో ఆమెవే. అమ్మను ఎదురుగా కూర్చుని, తనవే అన్నట్టు చూడమన్నాను. అమ్మకు నటన రాదు. కానీ మనిషి తింటుంటే చూడటం నటన కాదు కదా. నాయన తృప్తిగా తిని "ఈ పొద్దు బాగా కుదిరినాయి" అన్నాడు.

ప్రయోగం అయ్యాక నిజం చెప్పడం పరిశోధకుడి ధర్మం. చెప్పాను. నాయన చెయ్యి కడుక్కుని వచ్చి, తువ్వాలుతో వేళ్ళన్నీ తుడుచుకున్నాడు.

"అయితే మీ అమ్మ రొట్టె చేయకపోయినా పర్లేదు. ఈడ కూకోవాల, అంతే గదా."

"ఆ మాట ముందే చెప్పింటే నా భుజం బాగుండేది గదయ్యా!" అంది అమ్మ.

"నాకు తెలిస్తే గదా చెప్పేది!"

పాల్గొన్నది ఒక్క మనిషి కాబట్టి ఈ ఫలితాన్ని లోకానికంతా వర్తింపజేయలేను. పిల్లలకు అదే చెప్పాను. అప్పటినుంచి మలుపులో ఆమె రొట్టెలే తింటున్నాం. అమ్మ వ్యాయామాలు చేసింది, సణుగుతూనే. తట్టేదే నయం, బిరీన అయిపోయేది, ఈయప్ప తినేంతసేపూ కూర్చుంటే ఇంట్లో పనెవరు చేస్తారంది. కూర్చున్న సమయం కూడా కలిసొస్తుందని చిక్కుడుకాయలు తుంచేది, బట్టలు మడిచేది.

మొన్నొక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంట్లో నాయన గొంతు పెద్దగా వినిపించింది.

"కూడు కాడ కూకోని తల దువ్వుకుంటాండావేమే! వెంట్రుక పడితే?"

తొంగి చూశాను. అమ్మ రెండు చేతులూ తల వెనక్కి పెట్టి, తన జడ తానే అల్లుకుంటోంది. చూపు మాత్రం నాయన పళ్ళెం మీదే ఉంది.

"పడదులే, తిను" అంది.