మూడో ముడికి అందిన మా తెల్ల కారు

మా చిన్నప్పుడు... ఓ రోజు పొద్దున్నే మా అమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, డ్రైవర్ సీట్లో దిండేసుకుని, స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది. వెనక సీట్లో నేను, తమ్ముడు, మా మధ్య అరిసెల డబ్బా...

నాన్న కిటికీ దగ్గరకొచ్చి, "కారెంపూడి దాకా రోడ్డు బాగుంటది. ఆపైన నిదానంగా పో" అన్నాడు. ఆయన రావడానికి లేదు. అందరం ముందు రోజు సాయంత్రమే బయల్దేరాల్సింది... మబ్బు పట్టేసింది. కల్లంలో ఏడాది పంట, మిరపకాయలన్నీ ఆరబోసి ఉన్నాయి. వాటిని కుప్పలు చేసి పట్టాలు కప్పడంతోనే సరిపోయింది. రాత్రి కురిసిన వాన మళ్ళీ వస్తే చూసుకోవాలని నాన్న ఆగిపోయాడు.

అమ్మ ఆగే ప్రసక్తే లేదు. బొల్లాపల్లి దగ్గర అమ్మమ్మగారి ఊళ్ళో ఆ రోజే చిన్న మామయ్య పెళ్ళి. తాళి కట్టేటప్పుడు మూడో ముడి పెళ్ళికొడుకు తోబుట్టువు వెయ్యడం వాళ్ళింటి ఆనవాయితీ. ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఆడపిల్ల.

పెద్ద మామయ్య పెళ్ళప్పుడు నేను పసిగుడ్డునట. చంటిబిడ్డతో బస్సెందుకు, జీపు పంపుతానని పెదనాన్న మాటిచ్చాడట. ఆ జీపేమో ఆయన్నెక్కించుకుని ఏదో పార్టీ మీటింగుకి పోయింది... అమ్మ పందిట్లో కాలు పెట్టేసరికి భోజనాలు నడుస్తున్నాయి. ముడి ఎవరో చెల్లెలి వరసామె వేసేసింది. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా అమ్మ కళ్ళు తుడుచుకునేది.

అందుకే అంతకు ముందు ఏడు మిరప డబ్బులు చేతికి రాగానే నాన్న నరసరావుపేట పోయి ఆ పాత తెల్ల కారు తెచ్చాడు. ఏసీ లేదు, పాటలు లేవు. మా రెంటచింతల ఎండకి లోపల కూర్చుంటే ఉడికిపోయేవాళ్ళం... అయినా మాకది విమానమే! మోటార్ సైకిళ్ళు బాగుచేసే మెకానిక్కే దాన్నీ బాగుచేసేవాడు.

పెదనాన్న దాని చుట్టూ తిరిగి చూసి, "ఏందిరా, అగ్గిపెట్టె కొన్నావా?" అని నవ్వాడు. అమ్మ మర్నాటి నుంచే ఖాళీ కల్లంలో డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలెట్టింది. "తిరగలి కంటే ఈ స్టీరింగే తేలిగ్గా తిరుగుతుందే" అని మురిసిపోయేది.

సరే, పెళ్ళి రోజుకొస్తా... కారెంపూడి దాటాక ఒకచోట కల్వర్టు పని జరుగుతోంది. బళ్ళన్నీ పక్క చేలోంచి మళ్ళించారు. అసలే నల్లరేగడి, పైగా వాన. ఆ బురద మధ్యలో పెదనాన్న జీపు! మాకంటే ముందే దర్జాగా పెళ్ళికి బయల్దేరిన జీపు చక్రాలు సగం దాకా దిగబడిపోయి ఉంది. డ్రైవర్ ట్రాక్టర్ కోసం పోయాడు. పెదనాన్న తెల్ల పంచె పైకి పట్టుకుని గట్టు మీద నిలబడి, "ఇటు రామాకమ్మాయ్! జీపే దిగబడితే నీ అగ్గిపెట్టె ఏం లెక్క!" అని అరిచాడు.

అమ్మ విననట్టే పోనిచ్చింది. జీపు పక్క నుంచి దాటేసింది కూడా... ఇంకాస్తలో గట్టి నేల అనగా మా కారూ కూరుకుపోయింది. అమ్మ ఎంత తొక్కినా చక్రాలు అక్కడే తిరుగుతుంటే నాకు ఏడుపొచ్చేసింది.

పక్క చేలో రాలిన మిరపకాయలు ఏరుతున్న పదిమంది ఆడవాళ్ళు తలెత్తి చూశారు. "ఏందమ్మా, ఎక్కడికి పోతన్నారు?"

"మా తమ్ముడి పెళ్ళక్కా... మూడో ముడి నేనే ఎయ్యాలి. టైము చానా దగ్గరపడింది."

అంతే! కొంగులు బిగించి దిగారు. అందరిలో పెద్దామె బంపర్ కింద చెయ్యి పెట్టి కాస్త ఎత్తి చూసి, "ఓస్, ఇంతేనా! మిరపకాయల బస్తా ఎత్తలా మనం? పట్టండే!" అంది. మమ్మల్ని కిందికి దించి, తలా ఓ పక్క పట్టి... హైలెస్సా! మా కారు గాల్లో లేచింది. తీసుకెళ్ళి గట్టి నేల మీద పెట్టేశారు. నేనూ తమ్ముడూ ఎగిరి గంతులేశాం. వద్దంటున్నా అమ్మ అందరి చేతుల్లో అరిసెలు పెట్టింది.

తర్వాత ముందు తలుపు తీసి, "రండి బావగారూ, ముహూర్తానికి అందాలి" అంది. పెదనాన్న ఓసారి జీపు వంక చూశాడు... ఓసారి మా వంక చూశాడు. మెల్లగా వచ్చి, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే అలాగే ముడుచుకుని కూర్చున్నాడు.

మేం పందిట్లోకి పరిగెడుతుంటే గట్టిమేళం మొదలైంది. "ఆగండి, అక్కొచ్చింది!" అని మామయ్య అరిచాడు. మోకాళ్ళ దాకా బురదతోనే అమ్మ పెళ్ళికూతురి వెనక నిలబడి మూడో ముడి వేసింది. ఏడుస్తూ నవ్వింది... నవ్వుతూ ఏడ్చింది. ఆ రోజంత అందంగా మా అమ్మని మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

ఇంత బురదలో ఎట్టా వచ్చారని ఎవరో అడిగారు. నాన్న పక్కన లేని లోటు తీరుస్తూ పెదనాన్నే పందిరంతా వినపడేలా చెప్పాడు... "మా మరదలు తోలుకొచ్చింది! జీపు రాలేని చోట మా కారొచ్చింది!" అగ్గిపెట్టె కాస్తా ఆ పూటతో 'మా కారు' అయిపోయింది.

ఇప్పుడు నాకూ ఓ కారుంది. పెద్దది. అద్దాలన్నీ బిగించుకుని, ఫోన్ చెప్పిన దారిలో పోవడమే... పక్క చేలో ఎవరున్నారో కూడా కనపడదు. అమ్మ దాన్లో ఎక్కగానే సీటు తడిమి చూసి, "బాగుందే... కానీ దిగబడితే దీన్నెవరు ఎత్తుతారు?" అంటుంది.

మీ ఇంటికొచ్చిన మొదటి కారుకి ఎవరెవరు చెయ్యేశారు? కింద రాయండి... అమ్మకి చదివి వినిపిస్తాను.