ఉక్కుకాలి బరువు

1987లో తిరుపతిలో, ఒక ఆసుపత్రి వెనక సందులో నాకు చిన్న వర్క్‌షాపు ఉండేది. డాక్టర్లు చీటీ రాస్తే కాలిపర్లు చేసేవాణ్ణి. కాలిపర్ అంటే పోలియో సోకిన కాలు మడతపడకుండా రెండు పక్కలా ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, అడుగున బూటు. అప్పటికి పదిహేనేళ్లుగా అదే పని. రోజుకో పిల్లవాడు, రోజుకో తల్లి ఏడుపు. నిజం చెప్పాలంటే విసుగొచ్చేసింది. కాళ్లు కొలిచేవాణ్ణే గానీ మొహాలు చూసేవాణ్ణి కాదు.

పాకాల నుంచి వచ్చే పదేళ్ల మునిశేఖర్ మొహం మాత్రం గుర్తుంది. వాళ్ల నాయన మామిడి మండీలో గుమస్తా. మొదటిసారి కాలిపర్ వద్దని ఏడ్చి రచ్చ చేసినవాడు, రెండోసారి ఒక పిల్లల పత్రిక పట్టుకొచ్చాడు. అందులో వారం వారం ఒక బొమ్మల కథ. కథలో వీరుడికి ఒక కాలు చచ్చుబడింది. దానికి ఉక్కు కడ్డీలు, పచ్చ బూటు. కుంటుకుంటూనే వెళ్లి దొంగల్ని చితకబాదుతాడు. పేరు ఉక్కుకాలు.

"మేస్త్రీ, నాకూ పచ్చబూటు కావల్ల," అన్నాడు.

తోలుకు రంగు వేసిచ్చాను. ఆ తర్వాత వాడు నిద్రపొయ్యేటప్పుడు కూడా కాలిపర్ విప్పనివ్వలేదట.

మరుసటి ఏడాది ఆ కథ టీవీలోకి వచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే నాయన వాణ్ణి చంకనెత్తుకుని, కాలిపర్‌ను సంచిలో వేసుకుని దిగాడు.

"ఏసుకోనంటాండాడప్పా. ఇది లేకుండా నడవబోయి బడి మెట్లకాడ పడినాడు. ఇంకోసారి పడితే మోకాలు పూర్తిగా పోతాదని డాక్టరు చెప్పినాడు. నువ్వన్నా బుద్ధి చెప్పు."

పిల్లవాడు నేల చూపులు చూస్తున్నాడు. "టీవీలో వానికి ఇనుము లేదు మేస్త్రీ. రెండు కాళ్లతో పరిగెత్తతా ఉండాడు. నీ ఉక్కుకాలు యాడరా అని బడిలో అందరూ నగినారు."

ఎదురింటి టీవీలో నేనూ చూశాను. కుంటడం తీసేశారు. పత్రికలో ఒంటరిగా, ముభావంగా తిరిగేవాడు ఇక్కడ జోకులేస్తున్నాడు, పక్కన పాడేందుకు ఒక అమ్మాయి. పేరు ఒక్కటే మిగిల్చారు. నాకు ఒళ్లు మండింది.

"సూడబ్బా," అన్నాను, "బొమ్మ గీసేటోనికి ఇనుము బరువుండదు, గీత గీస్తే సాలు. టీవీలో మనిషి నిజంగా మొయ్యల్ల. మొయ్యలేక తీసేసింటాడు. నువ్వు మోస్తాండావు. ఎవురు గొప్ప?"

బాగానే చెప్పాననుకున్నాను. నాయన కూడా తలాడించాడు. పిల్లవాడు తలెత్తి నన్ను చూశాడు.

"నేనూ మొయ్యలేకనే ఉండా మేస్త్రీ. నన్ను ఎవురూ అడగలా."

ఎదిగే పిల్లలు, చేయించిన కాలిపర్ నాలుగేళ్లన్నా రావాలని తల్లిదండ్రులు అడిగేవాళ్లు. మేమూ లావు కడ్డీలు వేసి, పొడుగు పెంచడానికి కింద అదనపు ఇనుము వదిలేవాళ్లం. గట్టిగా ఉంటే మంచి పనితనమని మా లెక్క. మోసేవాణ్ణి అడిగే అలవాటు మాకెవరికీ లేదు.

వాళ్లు సంచి నా దగ్గరే పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాక ఆ కాలిపర్‌ను తాడుతో నా కాలికి కట్టుకున్నాను. వాడి ఒంటికీ నా ఒంటికీ పోలికేమిటని, బరువు సరితూగేలా ఇంకో కాలిపర్ కూడా జోడించాను. సందు చివర టీ అంగడి దాకా వెళ్లి బెంచీ మీద కూలబడ్డాను. సిగ్గేసింది.

వారం తిరిగేసరికి సన్నటి అల్యూమినియం కడ్డీలతో కొత్తది చేశాను. నాయన చేత్తో ఎత్తి చూసి, "ఇది నాలుగేళ్లు ఆగుతాదా అప్పా?" అన్నాడు.

"ఆగదు. వంగితే తీసకరా, సరిచేస్తా."

మునిశేఖర్ దాన్ని కట్టుకుని గుమ్మం దాకా నడిచాడు. తిరిగొచ్చి, మళ్లీ నడిచాడు. ఆ తర్వాత మూడుసార్లు వంగింది, మూడుసార్లూ వేసుకునే వచ్చాడు.

ఇంకో ఇరవై ఏళ్లు ఆ పని చేశాను. కొలత తీసే ముందు పిల్లల్నే అడగడం అప్పుడు నేర్చుకున్నాను. అంతకుముందు అన్నేళ్లలో నా దగ్గర కాలిపర్లు వేసుకున్న పిల్లలెవరూ బరువని ఒక్క మాట అనలేదు. బాగున్నాయి కాబట్టే అనలేదనుకున్నాను.