మూడు చుక్కలు, కింద ఒక గీత

మా గల్లీలో గంగమణి ఇంటి ముందు ఇప్పుడు బట్టల మూటలు కనబడవు. నిజామాబాద్‌లో ఒక్క లాడ్జివాడు కూడా ఆమెకు ఉతకడానికి దుప్పట్లు వేయడం లేదు. చూసినవాళ్లు పాపం అంటారు. నేను మాత్రం అనను. ఆమె చేసిన పనికి నా కడుపు చల్లబడింది.

కోటగిరి నుంచి కోడలిగా మా కంఠేశ్వర్ గల్లీకి వచ్చినప్పుడు ఆమె అత్త దగ్గర నేర్చుకున్నవి రెండు: బట్టలు ఉడకేసే బట్టీ పెట్టడం, గుర్తు పెట్టడం. నల్లజీడి గింజను సూదితో పొడిచి, ఆ రసం దుప్పటి మూలకు అంటించి, పైన సున్నం అద్దుతుంది. ఇక ఎన్ని ఉతుకులైనా ఆ నలుపు పోదు. రసం తగిలి పొక్కిన మచ్చలు ఆమె వేళ్ల నిండా ఉన్నాయి. మిగతావాళ్లంతా మార్కర్ పెన్నుకు మారినా ఈమె మారలేదు. ఒక్కో లాడ్జికి ఒక్కో గుర్తు.

బోధన్ రోడ్డులో లాడ్జి నడిపే ఆత్మారాం సేటు ఒక్కడే రెండు గుర్తులు పెట్టించుకున్నాడు. కింది గదుల్లో పెళ్లిళ్లకు వచ్చిన సంసారులు దిగుతారు. మూడో అంతస్తు దుప్పటి ఒకసారి వాళ్ల గదిలోకి వచ్చిందట, మరకలు చూసి గొడవ పెట్టుకున్నారు. అందుకని పైవాటికి వేరే గుర్తు, అదీ ఎప్పటికీ పోనిది పెట్టమన్నాడు. గంగమణి మూడు చుక్కలు, కింద ఒక గీత పెట్టింది. ఆ మరకలేమిటో ఆమెకు తెలియక కాదు. ఉతకడమే తన పని అనుకుంది.

ఉతికిన మూటలు స్కూటీ మీద వేసుకుపోయేది ఆమె కూతురు రమ్య. ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న పిల్ల. సేటు చూసి కౌంటర్లో పని ఇస్తానన్నాడు. బిడ్డ ఎండలో బట్టలు బండకు కొట్టకుండా ఫ్యాను కింద కూర్చుంటుందని తల్లి మురిసిపోయింది. అక్కడ తలనొప్పికని ఒక గోలీ ఇచ్చారు. నెల తిరిగేసరికి అది లేకపోతే పిల్ల చేతులు వణికేవి. గోలీ కావాలంటే మూడో అంతస్తు ఎక్కాలన్నారు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. రమ్య ఇంటికి రావడం మానేస్తే తల్లి వెతుక్కుంటూ పోయింది. పని మానేసి ఎవడితోనో పోయిందని సేటు చెప్పాడు. రెండు నెలలకు, అదే రోడ్డులో ఊరు దాటగానే ఉన్న చెరుకు తోట గట్టున, దుప్పటిలో చుట్టిన రమ్య శవం దొరికింది.

గుర్తుపట్టడానికి పోయిన గంగమణి ముందు ముఖం చూసింది, తర్వాత దుప్పటి మూల చూసింది. మూడు చుక్కలు, కింద ఒక గీత. ఏడుపు అక్కడే ఆగిపోయింది. పంచనామా రాస్తున్న ఎస్సైని, మూలకు నల్ల గుర్తు ఉందని కూడా రాయమంది. అదేమిటో చెప్పలేదు. ఆ ఎస్సై సేటు పక్కన కూర్చుని చాయ్ తాగడం ఆమె చాలాసార్లు చూసింది. నోరు విప్పితే సాయంత్రానికల్లా పైన దుప్పట్లూ ఉండవు, ఆడపిల్లలూ ఉండరు. మత్తుకు అలవాటుపడి చచ్చిందని రాసి ఎస్సై ఫైలు మూసేశాడు.

దినాలైన మర్నాడే గంగమణి లాడ్జికి పోయి మూట అడిగింది. గల్లీ అంతా దుమ్మెత్తి పోసింది. నేనూ పోశాను, సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను. నాలుగు నెలలు ఆమె బిడ్డను చంపినవాళ్ల దుప్పట్లు ఉతికింది. సేటు ఎదురైతే తల వంచి నవ్వింది. కొత్త దుప్పటి వస్తే దానికీ అదే గుర్తు పెట్టింది. ఆ మూట వస్తున్నంతకాలం పైన ఆడపిల్లలు ఉన్నట్టే. మరి ఆ నాలుగు నెలలు వాళ్ల గతేమిటని తర్వాత ఒకసారి అడిగాను.

"గా మాట నువ్వు అడగకు అన్నా," అంది. "రోజు నన్ను నేనే అడుగుకుంటున్న."

ఎస్సై బదిలీ అయ్యాడు. ఉదయశ్రీ అనే కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చింది. గంగమణి వారం రోజులు స్టేషన్ ఎదురుగా నిలబడి చూసింది. సేటు పంపిన మిఠాయి డబ్బా వెనక్కి పోవడం చూశాకే లోపల అడుగుపెట్టింది. మూడో అంతస్తు నుంచి వచ్చిన ఉతకని మూట బల్ల మీద విప్పి, మూలల్లో గుర్తు చూపించి, రమ్య పంచనామా తీసి చదవమంది. మధ్యాహ్నానికి పోలీసులు మూడో అంతస్తు తలుపులు తెరిపించారు. ముగ్గురు ఆడపిల్లలు దొరికారు, బిస్కెట్ల డబ్బా నిండా గోలీలు దొరికాయి. రమ్య ఏ గదిలో చచ్చిపోయిందో, ఎవరు చుట్టి కారులో వేశారో ఆ ముగ్గురే చెప్పారు.

సేటును జీపు ఎక్కిస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను. ఆ దుప్పటి తనది కాదని, చుక్కలు ఎవరైనా పెట్టొచ్చని అరుస్తున్నాడు. జనంలో గంగమణిని చూసి గొంతు తగ్గించాడు. ఆ గుర్తు నీది కాదని ఒక్క మాట చెప్పు, నీ బతుకంతా నేను చూసుకుంటానన్నాడు.

ఏనాడూ ఆయన్ను "మీరు" తప్ప అనని మనిషి, మచ్చల వేళ్లు ఆయన ముఖం ముందుకు చాపింది.

"ఎప్పటికి పోకుంట పెట్టుమన్నది నువ్వే గద సేటు."