రెండు తాళ్ల నడుమ మేం ముగ్గురం

నా చిన్నప్పుడు, చోళ్లు, అంటే రాగులు, కోతకొచ్చిన రోజుల్లో, తుఫాను మా కొండల్ని పట్టుకుంది. ఒక సాయంత్రం కొండచరియ విరిగి ఊరి పైఇళ్ల మీద పడింది. దొరికినవి పట్టుకుని కొందరం బడిగదికి, కొందరు చర్చి షెడ్డుకి పరిగెత్తాం.

తెల్లారి ఊరిపెద్ద షెడ్డు దగ్గర రాత్రి తాగిన దొప్పలు లెక్కపెట్టాడు. మేం అంబలి అడ్డాకు దొప్పల్లో తాగుతాం. ఒకరు తాగిన దొప్ప మరొకరు ముట్టరు. కాబట్టి దొప్పలు లెక్కపెడితే మనుషుల్ని లెక్కపెట్టినట్టే. ముప్ఫై ఉన్నాయి. బడిలో పడుకున్నవాళ్లను మా నాన్న లెక్కపెట్టాడు. పద్దెనిమిది మంది. ఊళ్లో ఉండేదే నలభై ఎనిమిది మందిమి. ఇక ఎవరినీ వెతకక్కర్లేదని మగవాళ్లు ఇళ్లలో బురద ఎత్తడానికి పారలు తీశారు.

మా పక్కింటి అక్క పాడేరులో ఇంటర్ చదువుతూ సెలవులకొచ్చింది.

"పెద్దనాన్నా, అక్కడ అంబలి తాగీసి ఇక్కడ పడుకున్నోలు లేరేటి?"

"లెక్క సరిపోనాది కదే గుంటా. మల్లీ ఏటి నీ సదువు?" అన్నాడు ఊరిపెద్ద.

అక్క పశువుల తాళ్లు ముడేసి బడి ముందు రెండు పెద్ద చుట్లు పరిచింది. ఒకదాని అంచు రెండోదాని మీదికి ఎక్కేలా వేసింది.

"షెడ్డులో అంబలి తాగినోలు ఈ సుట్టులోకి, బడిలో పడుకున్నోలు ఆ సుట్టులోకి రండి. రెండూ సేసినోలు నడుమన నిలబడండి. బేగి."

రాత్రి షెడ్డులో అంబలి తాగి, నాన్న ఉన్న బడికొచ్చి పడుకున్నాం కాబట్టి అమ్మ నన్నూ చెల్లినీ పట్టుకుని నడుమకి నడిచింది. అక్కడికి ఇంకెవరూ రాలేదు. ఒక పక్క ఇరవై ఏడు, మరో పక్క పదిహేను, నడుమ మేం ముగ్గురం. ఊరిపెద్ద రెండోసారి లెక్కపెట్టాడు. నలభై ఐదే.

షెడ్డులో తలదాచుకున్న చివరింటి ముసలమ్మ మా నాన్న వైపు తిరిగింది. "నా కొడుకూ కోడలూ నీ కాడ లేరేటి, నాయనా?"

వాళ్లు పసిపిల్లతో పోడు చేను కాపలాకు కొండమీద పాకలో ఉండేవాళ్లు. దిగొచ్చి బడిలో ఉన్నారని షెడ్డువాళ్లు, షెడ్డులో ఉన్నారని మేము అనుకున్నాం. రెండుసార్లు లెక్కకొచ్చిన మేం ముగ్గురం వాళ్ల ఖాళీని కప్పేశాం.

పారలతో అందరూ కొండెక్కారు. మధ్యాహ్నానికి ముసలమ్మ కోడలినీ పసిపిల్లనీ ప్రాణాలతో దించారు. పాక దూలం వాళ్లకి అడ్డంగా నిలిచిందట. కొడుకుని వెనక దుప్పట్లో తెచ్చారు. ముసలమ్మ ముందు మనవరాలిని ఎత్తుకుంది. ఆ తర్వాతే దుప్పటి వైపు చూసింది.

చాలా ఏళ్లకి కాలేజీలో లెక్చరరు బోర్డు మీద రెండు వృత్తాలు గీసి, ఉమ్మడి భాగాన్ని ఒకసారి తీసేయాలని చెప్పారు. అందరూ సూత్రం రాసుకున్నారు. నాకు మాత్రం చేతిలో అమ్మ తడిచెయ్యి తగిలింది.

ఇప్పుడు ఘాట్ రోడ్డు పనుల్లో ఇంజనీరుని. బండ పేల్చే ముందు, దూరంగా బయటికొచ్చిన రెండు ముఠాల కూలీల హాజరు నాకు వస్తుంది. మొత్తం సరిగ్గా సరిపోయిన రోజే నేను కిందికి దిగి, రెండు ముఠాల్లోనూ పేరున్నవాళ్లు ఎవరని అడుగుతాను. వాళ్లను నడుమ నిలబెట్టి, ఒక్కొక్కరి ముఖం చూసేదాకా పేలుడుకు సైగ చేయను.