జానలతో కొలిచిన ఏనుగు

మా బాలప్ప బావకు ఒక్కటే రోగం. కంటికి కనబడ్డదాన్నల్ల జానలేసి కొలుస్తడు. మంచం గానీ, మనిషి గానీ, గుమ్మడికాయ గానీ, ఆయన చేతిల పడకుండ తప్పించుకున్నది మా దిక్కు ఏదీ లేదు. చేసేది గోడలు పెట్టే మేస్త్రి పని. కొలిచే పట్టీ ఒకటి కొనుక్కోరాదా బావా అంటే, పట్టీ అయితే ఇంట్ల మర్చిపోతం, చెయ్యి మర్చిపోతమా అంటడు.

మా అక్క ధనమ్మను చూడనీకి మొయినాబాదుకు వచ్చిననాడు గూడ ఇదే కథ. పిల్లను తెచ్చి కూసోబెడితే, ఈయన మా దర్వాజ కాడ నిలబడి చెయ్యి జరుపుకుంట పోతున్నడు. పిల్ల ఎట్లున్నదయ్యా అని మా బాపు అడిగిండు. "పిల్ల మంచిగున్నది మామా, మీ దర్వాజనే ఎడమదిక్కు వేలెడు కుంగింది" అన్నడు. లగ్గానికి ముందే వచ్చి దాన్ని సరిచేసి పోయిండు. మా బాపు ఆ పనితనానికే పడిపోయిండు.

మా అక్కకేమో బొమ్మల పిచ్చి. ముడిమ్యాలల వాళ్ళ ఇంటి గోడల మీద ప్రతి క్రిస్మసుకు ఎర్రమట్టి జాజుతోని, సున్నంతోని నెమళ్ళు, చిలుకలు వేస్తది. యుద్ధం నడుస్తున్న ఆ రోజులల్ల పట్నంల ఒక నవాబు హవేలీల బొమ్మల నుమాయిష్ పెట్టినరు. అండ్ల గోడంత ఏనుగు బొమ్మ గీసి పెట్టినరని ఎవరో వచ్చి అక్క చెవుల వేసినరు. ఇంకేమున్నది, ఆమెకు నిద్ర పట్టలే. ఏనుగునే ఎన్నడూ చూడని మనిషాయె. నెల దినాలు బావను జోరీగ లెక్క పోరువెట్టి, నుమాయిష్ ఆఖరి దినానికి ఒప్పించింది. వాళ్ళు చేవెళ్ళల బస్సెక్కి వస్తరు, నేనూ మా ఇంటాయన సాముయేలూ మొయినాబాదుల ఎక్కాలె. అదీ మాట.

బస్సొచ్చింది. అండ్ల బావ ఒక్కడే ఉన్నడు. అక్కేదంటే, తెల్లారంగనే బర్రెకు నొప్పులు మొదలైనయట. ఆ బర్రె అక్కను తప్ప ఎవ్వర్నీ దగ్గరికి రానియ్యదు. మీరన్న పోయి చూసి రాండ్రని ఏడుపు మింగి పంపిందట. ఈ మనిషి మాత్రం కొత్త రుమాలు చుట్టుకొని పెండ్లికొడుకు లెక్క వచ్చిండు. వచ్చి ఊకున్నడా, పక్కన కూసున్న సేటు దాకా సీటు కొలిచి, నా జాగల నువ్వు బెత్తెడు ఉన్నవని ఆయనతోని పంచాయితి పెట్టుకున్నడు. సేటు మొయినాబాదు నుంచి పట్నం దాకా ఊపిరి బిగపట్టుకొనే కూసున్నడు.

దిగంగనే హోటలుకు పోయినం. బిర్యానీ తెచ్చి ముందట పెట్టినరు. నా కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి. బావ ఆగుమన్నడు. ప్లేటు కొలిచిండు, బొక్క కొలిచిండు, ఆఖరికి ఒక బియ్యపు గింజను గోరు మీద పెట్టి చూసిండు. అప్పటిదాకా మా చేతులు ఒళ్ళెనే ఉన్నయి. తర్వాత చాయ్ వచ్చింది. ఎంత లోతున్నదో చూద్దామని వేలు ముంచి, కాలంగనే నోట్ల పెట్టుకొని, రెండు గణుపులని చెప్పిండు. అబద్ధమెందుకు, కోపంల నేను ఖుబానీ మీఠా రెండు గిన్నెలు తిన్న.

హవేలీల ఆ ఏనుగు ముందటికి పోయి నిలబడ్డం. మీద జరీ గుడ్డ, అంబారీ, తొండం కొసకు ఒక గులాబీ పువ్వు. నేను అట్ల చూసుకుంట ఉన్ననో లేదో, బావ జాన చాపి బొమ్మ మీదికి పోయిండు. దర్వాను ఉరికొచ్చి, చెయ్యి పెడితే బయటికి పంపుత అన్నడు. బావ జర ఆలోచన చేసిండు. దర్వాను భుజం మీద మెల్లగ చెయ్యేసి, తీస్కపోయి బొమ్మ పక్కన నిలబెట్టిండు. ఆయనేదో ఇజ్జత్ చేస్తున్నరనుకొని మీసం సవరించుకొని నిలబడ్డడు. ఇగ చూడు, బావ కూసొని ఆయన బూట్ల కాడికెల్లి పగిడీ దాకా జానలేసిండు. ఏడున్నర. ఏనుగు ఎత్తు ఒక దర్వాను మీద ఇంకో సగం దర్వాను. చెవులు ఆయన నడుం నుంచి గదుమ దాకా.

జనమంత నవ్వుతున్నరు. మా ఇంటాయన మేమెవరమో తెల్వనట్టు ఇంకో బొమ్మ కాడికి జరిగిండు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అక్క ఆడ బర్రె కాడ కూసున్నది. నీకు గీ కొలతలే దొరికినయా బావా?" అన్న.

"తొండం నాలుగున్నర జానలు. జర యాది పెట్టుకో ప్రేమా" అన్నడు.

బస్సుల నేను ఆయన దిక్కు వీపు తిప్పి కూసున్న. అక్కను ఓదారుద్దామని మా ఇంటాయనను మొయినాబాదుల దింపి, నేను సీదా ముడిమ్యాల పోయిన. బర్రె ఈనింది, పెయ్యదూడ. అక్క చేతులు కడుక్కుంటనే అడిగింది, ఏనుగు ఎట్లున్నదని. చెప్పుదామని నోరు తెరిచిన. పెద్దగున్నది అన్న. చాన పెద్దగున్నది అన్న. అంతకన్న నాకేం రాలే.

బావ పొయ్యిల నుంచి ఆరిన బొగ్గు తెచ్చిండు. అక్కను సున్నమేసిన గోడ కాడికి తీస్కపోయిండు. గోడకు చెయ్యి ఆనించి ఒక్కొక్క జాన జరుపుకుంట, ఇక్కడ కాలు, ఇక్కడిదాక కడుపు, చెవి గింత, కన్ను వేలెడు అని గీతలు పెట్టుకుంట పోయిండు. నడుమ బిర్యానీ ప్లేటు గూడ గీసి చూపెట్టిండు. పొద్దటి నుంచి ఆ మనిషి తిన్నదీ చూసిందీ అన్నీ చేతిల పెట్టుకొని తెచ్చింది ఆమె కోసమే. నేనొక పిచ్చిదాన్ని, పొద్దంత ఆయనను తిట్టుకున్న.

అక్క మూడు దినాలు జాజు కలిపి వేసింది, నేను ఇల్లు మరిచి చూసుకుంట ఆడనే ఉన్న. గోడ అయిపోయింది గానీ ఏనుగు అయిపోలే. వెనక కాళ్ళు మూల తిరిగి కొట్టంలకు పోయినయి, తోక పోయి బర్రె గాటి మీద పడ్డది. చేవెళ్ళ నుంచి గూడ జనం వచ్చి చూసి పోయినరు.

మూడోనాడు బావ వచ్చి ఎప్పటిలెక్కనే జానలేసిండు. తొండం కాడ ఆగిండు. మళ్ళ కొలిచిండు.

"రెండు వేళ్ళు తక్కువైంది" అన్నడు.

అక్క రెండు చేతులకు జాజు, ముక్కు మీద గూడ జాజే. గోడ దిక్కు చూసి, "నాకు గిట్లనే మంచిగున్నది" అన్నది.

ఆ మనిషి కొలతల వెంట్రుక వాసి తేడా వస్తే కట్టిన గోడ కూలగొట్టిన రకం. ఆమె ముఖం చూసిండు, ఏనుగును చూసిండు, చేతులు తీస్కపోయి వెనకకు కట్టుకున్నడు.

"అయితే పట్నందే రెండు వేళ్ళు ఎక్కువ గీసిండ్రు" అన్నడు.